పాట ఆగలేదు

శుక్రవారం, రాత్రి

తిరువూరు వచ్చిన ఈ ఎనిమిది నెలల్లో, గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూసి, ఒక యాప్‌తో సాధన చేసి గిటారు నేర్చుకున్నాను. ఆదివారం చర్చిలో వాయించమని పాస్టరుగారు అడిగితే ఒప్పుకున్నాను. ఈ సాయంత్రం చర్చి పాటల ప్రాక్టీసులో మొదటిసారి మనుషులతో కలిసి వాయించాను. రెండో చరణంలో వేలు జారి ఆగిపోయాను. ఆ యాప్ అయితే నేను సరిగ్గా వాయించేదాకా ఆగుతుంది. వీళ్ళు ఆగలేదు. నన్ను వదిలేసి పాడుకుంటూ వెళ్ళిపోయారు.

పాటలు నడిపించే రూతమ్మగారు తర్వాత దగ్గరికొచ్చి, "ఆగిపోయావేంటమ్మా? తప్పొచ్చినా వాయిస్తా ఉండు. ఇంతమందిమి పాడుతుంటే నీ తప్పు ఎవరికి వినపడుద్ది?" అన్నారు.

గదికి వచ్చి, ఫోన్ పక్కన పెట్టి, ఆ పాటను ఆగకుండా చివరిదాకా వాయించాను. ఇక్కడ ప్రతి తప్పూ వినపడింది. రేపు సాయంత్రం ఆరింటికి మళ్ళీ రమ్మన్నారు. ఐదున్నరకే వెళ్తానేమో.