గోడకు కట్టిన బొంత

ఏవండీ, అన్నం మూతపెట్టి ఉంచాను, మూడు కాకముందే తినెయ్యండి. మూడింటికి ఎలాగూ ఆ తలనొప్పి వస్తుంది. మీరు తల బాదుకునే గోడకి బొంత కట్టాను.

నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను, పాప నాతోనే ఉంది. సైనస్ అన్నారు, పన్ను పీకించారు, దేనికీ తగ్గలేదు. రోజూ అదే వేళకి రావడం, ఆ ఒక్క కన్నే ఎర్రబడి నీళ్ళు కారడం, మీరు కూర్చోలేక గదంతా తిరగడం, అన్నీ తేదీలేసి రాశాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాని రాత ఆయన చదువుతారన్న ఆశ లేదు. చెవిటివాడి ముందు శంఖమే. అయినా చూపిస్తాను.

ఇంకో మాట. నిన్న పాప ఆ గోడకే తల కొట్టుకుంటోంది. ఏంటే ఇది అంటే, "నాన్న ఆట" అంది. దాని ఎత్తులో చిన్న దిండు కూడా కట్టాను. తియ్యకండి.