నీ ఫొటోకు దండం పెట్టిన పిల్ల

అవ్వా,

నాకు నీ మీద ప్రేమ లేదని నాయన తేల్చేశాడు. నీ రెండో సంవత్సరీకానికి కూడా హిందూపురం పిల్లల హోమ్‌లోనే భోజనం పెడదామంటే నేను వద్దన్నాను. "సాకిన అవ్వ పేరు మీద నాలుగు మెతుకులు పెట్టేదానికీ నీకు మనసు రాలేదా పాపా?" అన్నాడు.

నిరుడు అక్కడ అన్నం వడ్డించాక కూడా పిల్లల్ని తిననివ్వలేదు. ముందు నీ ఫొటోకు దండం పెట్టించారు. చివర కూర్చున్న మంజుల అనే పిల్ల నా చున్నీ లాగి, "ఈయమ్మ మీ అవ్వనా అక్కా? మా అవ్వ బతికే ఉండాది, రొద్దంలో" అంది.

ఆ మాట ఏడాదంతా నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మొన్న రొద్దం వెళ్లాను. వాళ్లవ్వ శెనక్కాయలు ఒలుస్తూ, "ఆడ హోమ్‌లో అయితే రోజూ ఎవురో ఒకరు పెడతారంట. ఈడ నాకెవురు పెడతారు? పిల్లను ఇడిసిపెట్టి ఉండేది నాకు మాత్రం బాగుంటాదా తల్లీ?" అంది.

అమ్మ పోయినప్పుడు నన్నూ హోమ్‌లో వేయమన్నారు, నువ్వు ఒప్పుకోలేదు. నీకు పాలిచ్చే ఆవుండేది. మంజుల అవ్వకు కూలి దొరికిన రోజే పొయ్యి వెలుగుతుంది. హోమ్‌కేమో బియ్యం మూటలు, ఫ్యాన్లు, పుట్టినరోజు కేకులు వస్తూనే ఉంటాయి. రొద్దంలో ఆ అవ్వ ఇంటికి ఎవరూ ఏమీ తీసుకెళ్లరు.

నెలనెలా ఖర్చుకు ఎవరైనా నిలబడితే పిల్లను ఇంటికి పంపుతామని హోమ్ అధికారులు అన్నారు. నేను సంతకం పెట్టేశాను. ఈసారి భోజనం పెట్టను. మంజుల పదో తరగతి అయ్యేదాకా ధర్మవరంలో నాకొచ్చే జీతంలోంచి పంపుతాను. సోమవారం దాన్ని రొద్దంలో దింపడానికి నేనే వెళ్తున్నాను.