ఎడమ భుజానికి

టెమోరా,
ఆదివారం

అన్నయ్యా,

నాన్న తుపాకీని నేను దుకాణంలో ఇచ్చేశానని నువ్వు నొచ్చుకున్నావట, వదిన చెప్పింది. నిన్ను అడిగితే వద్దంటావేమోనని అడగలేదు.

నా కుడికంటి చూపు పోయిన సంగతి నీకు రాయలేదు. తుపాకీ క్లబ్బులో మేం గురిచూసి కాల్చడానికి గాలిలోకి విసిరే నారింజరంగు మట్టి బిళ్లలు, మంచులో కరిగిపోయినట్టు మాయమయ్యేవి. ఏడాదిపాటు అక్కడికి టీ కాయడానికే వెళ్లాను.

ఒకరోజు మాకు గురి నేర్పే లియోనీ, "ఎడమ కన్ను బానే ఉందిగా? భుజం మార్చు," అంది. నాన్న తుపాకీకి భుజాన ఆనించే కర్ర కుడిచేతివాళ్ల చెంపకు తగ్గట్టు వంచి చేసినది. ఎడమవైపు ఆనిస్తే నా చెంప కమిలిపోయింది. ఎడమచేతివాళ్ల కోసం ప్రత్యేకంగా చేసినవి నా పింఛనుకు అందవు.

"కొత్తదెందుకే? ఏ పక్కకీ వంపులేని పాతది చూడు. ఎవరి భుజానికైనా కుదురుతుంది," అంటూ లియోనీయే దుకాణమంతా వెతికింది. నాన్నది ఇచ్చి అలాంటి పాతదొకటి తెచ్చుకున్నాను. నాన్న ఏమనేవాడో తెలియదు.

నిన్న ఉదయం గోధుమచేల మీద మంచు ఇంకా విడలేదు. "వదులు!" అని బిళ్ల విసిరేవాళ్లకు ప్రతిసారీ అరిచాను. ఇరవై నాలుగు బిళ్లలకు గురి తప్పింది. ఆఖరిది మాత్రం గాలిలోనే పొడైపోయి, నారింజరంగు పొగలా మెల్లగా చేల మీదికి తేలిపోయింది. తుపాకీ ఎడమ భుజాన అలాగే ఆనించుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

"ఇక దించవే తల్లీ, అదెప్పుడో చచ్చింది!" అని లియోనీ కేకేసింది.

నాకు దించాలనిపించలేదు అన్నయ్యా.

నీ చెల్లెలు