మంచు మిషన్ తాడు

షాంటిలీ

ప్రియమైన ప్రసాద్‌కి, ప్రభువు కృప నీకు తోడుండు గాక.

క్షేమంగా చేరామని మీ ఆవిడ సుబ్బులు మెసేజ్ పెట్టింది, సంతోషం. ఫోన్‌లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, అందుకే ఉత్తరం. మీరు ఇక్కడ షాంటిలీలో మా ఎదురిల్లు ఖాళీ చేసి క్యారీ ఊరికి బయల్దేరిన రోజు, పొద్దున్నంతా నా స్నోబ్లోయర్‌కి, అదే మంచు ఊడ్చే మిషన్‌కి, ఇంజన్ స్టార్ట్ చేసే తాడు తెగితే మార్చి, చేతులు కడుక్కుని కారెక్కావు. వెనకనుంచి ఎంత గట్టిగా పిలిచాను! వీధిలో అమెరికన్లందరూ తలుపులు తీశారు. నువ్వు మాత్రం ఆగలేదు. ఎందుకు పిలిచానో నీకు తెలియదా?

ఇట్లు,
దైవాశీర్వాదం

తా.క.: మీ పిన్నికి కోపం లేదు. ఆవిడ వంతు కోపం కూడా నాదే.


క్యారీ

బాబాయిగారికి, ఆంజనేయప్రసాద్ నమస్కారాలు.

వినపడింది. బయల్దేరాక వెనక్కి పిలిస్తే ఆగకూడదని సుబ్బులు నా మోచెయ్యి గిల్లింది. కొత్త ఉద్యోగం కదా, నేనూ భయపడ్డాను. మీరెందుకు పిలిచారో తెలుసు. తాడు లాగితే వస్తోంది గాని వెనక్కి చుట్టుకోవడం లేదు, అంతేనా? హడావిడిలో స్ప్రింగ్ సరిగ్గా బిగించలేదు, తప్పు నాదే. ఇంజన్ మీద కవర్ విప్పి, తాడు చుట్టుకునే చక్రాన్ని బిగుసుకునేదాకా తిప్పి, వదలకుండా పట్టుకుని, కొత్త తాడు దూర్చి ముడెయ్యండి. కొస లైటర్‌తో కాలిస్తే పోగులు విడవు.

మీ
ప్రసాద్

తా.క.: చక్రం వదిలేస్తే స్ప్రింగ్ ఎగిరిపోతుంది, జాగ్రత్త. మీ గరాజ్ సీలింగ్‌కున్న గీత అలా పడిందే. ఎలకల పని అని నేను చెప్పింది అబద్ధం.


షాంటిలీ

ప్రసాద్‌కి,

తాడు సంగతి నేనడిగానా? నా కుడి భుజం ఆపరేషన్ అయినప్పటినుంచి, మంచు పడ్డప్పుడల్లా ఆ తాడు లాగింది నువ్వే. రెండిళ్ల ముందూ ఊడ్చి, మీ పిన్ని దీనమ్మ ఇచ్చిన టీ తాగి, అప్పుడు ఆఫీసుకి లాగిన్ అయ్యేవాడివి. అలాంటి మనుషులం, ఇలాగేనా విడిపోవడం? ఎందుకు పిలిచానో నువ్వే ఆలోచించుకో.

దైవాశీర్వాదం

తా.క.: నీ ఎలకల కోసం బోను కూడా కొన్నాను. ఇంతవరకు అందులో పడింది నా కాలి బొటనవేలొక్కటే.


క్యారీ

బాబాయిగారికి నమస్కారాలు.

ఇప్పుడు అర్థమైంది. లాగేవాడు లేకుండా తాడు ఎంత కొత్తదైతే ఏం లాభం! ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉన్న మిషన్ ఆర్డర్ చేశాను, గురువారం వస్తుంది. బటన్ నొక్కితే చాలు. ఇక మీరు ఎవరినీ పిలవాల్సిన పనే ఉండదు.

మీ
ప్రసాద్

తా.క.: బటన్ కూడా నొప్పి పెడితే పిన్నిగారి చేత నొక్కించండి.


షాంటిలీ

నాయనా ప్రసాద్,

ఎవరినీ పిలవాల్సిన పని లేదని రాశావు. ఆ మాట గుచ్చుకుంది, ఇక నేనే చెప్పేస్తాను. నువ్వు వేసిన తాడు నిక్షేపంలా ఉంది. ఆ రోజు నేను పిలిచింది ప్రార్థన కోసం. మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపుతాం. తాడు గొడవలో పడి మర్చిపోయాను, మీ కారు కదిలాక గుర్తొచ్చింది. నువ్వు ఆగకపోతే నా ప్రార్థన వద్దనుకున్నావనుకున్నాను. ఇన్నాళ్లూ నేను ప్రార్థన చేసినప్పుడల్లా మొహమాటానికే తల వంచావేమోనని కుమిలిపోయాను. మనసు విప్పి ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నీ అంతట నువ్వు తెలుసుకోవాలని బిగుసుకు కూర్చున్నాను. వెనక్కి పిలవకూడదని మీ పట్టింపు, ప్రార్థన లేకుండా పంపకూడదని మాది. రెండూ నీ మేలు కోరేవే. రెండూ నడివీధిలో గుద్దుకున్నాయి.

నిన్న మంచు పడింది. నీ కొత్త మిషన్‌ని డబ్బాలోనే ఉంచి, పాతదాని తాడు ఎడమచేత్తో లాగాను. మా ఇంటి ముందు అయ్యాక, నువ్వు చేసినట్టే మీ ఇంటి ముందు కూడా ఊడుస్తున్నాను. సగంలో ఎవరో తెల్లావిడ ఆ ఇంటి కిటికీలోంచి చెయ్యి ఊపింది. మీరు లేరన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది రా. మిగతా సగం కూడా ఊడ్చే వచ్చాను.

నీ బాబాయి,
దైవాశీర్వాదం

తా.క.: ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నీ తల మీద నీ చెయ్యే పెట్టుకుని కూర్చో. మిగతాది ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటాను.