జెండా తాడుకు ముగ్గురు అధ్యక్షులు

పటాన్‌చెరు, మంగళవారం రాత్రి

కార్యదర్శి పదవి ఇవ్వలేదని మా ఫ్యాక్టరీ యూనియన్ ఈరోజు ఐదు ఫ్యాక్టరీల ఐక్య కమిటీ నుంచి సగౌరవంగా బయటికొచ్చింది. గేటు ముందు పాత జెండా దించారు. కొత్తది ఎగరలేదు. అధ్యక్షుణ్ని నేనంటే నేనని ముగ్గురు నాయకులు ఒకే తాడు పట్టుకున్నారు.

"తాడు ఇడువు తమ్మీ, సీనియర్ని నేను!"

"సీనియర్‌వైతే ఇంటికాడ కూసోరాదే అన్నా! జనం నాతోని ఉన్నరు."

మూడో మహానుభావుడు తాడు చేతికి చుట్టుకున్నాడు.

జనమంటే నాలాంటి కాంట్రాక్టు కూలీలు. మమ్మల్ని పర్మినెంట్ చేయమని రేపు యాజమాన్యంతో మాట్లాడాల్సింది ఆ ఐక్య కమిటీయే. అందులో ఇప్పుడు మేం లేం. బీకాం చదివి డ్రమ్ములు దొర్లిస్తున్న నేను వినయంగా అడిగాను.

"అన్నా, రేపు చర్చలకు ఎవరు పోతరు?"

"ముందుగాల జెండా సంగతి తేలనీయరా!" అన్నారు ముగ్గురూ. వాళ్లకు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. థూ!

రేపు మా తరఫున అడిగేవాడు లేడని మాకంటే ముందు మేనేజరుకే అర్థమైంది. ఏనాడూ మంచినీళ్లు కూడా పంపని మనిషి, గేటు దగ్గరికి టీ పంపించాడు. ముగ్గురూ తాడు వదిలేసి తాగారు. నాకూ ఓ కప్పు ఇచ్చారు.

ఛీ, చక్కెర కూడా దండిగా వేయించాడు...