శ్రీపాలన్న హాలు కింది షీటు

మానుకోట,
సెప్టెంబరు 2011

శ్రీపాలన్న గారికి నమస్కారాలు.

ఫోనులో మీరు తిట్టడమే తప్ప నన్ను మాట్లాడనివ్వలేదు కనుక ఈ ఉత్తరం. మీ హాల్లో నేను వేసిన లామినేట్ చెక్క పలకలు పూరీల్లా ఉబ్బాయనీ, ఇక మీ ఊరు తరిగొప్పులలో నాకు పని దొరకనివ్వననీ అన్నారు.

కాంక్రీటు ఎండినట్టే కనిపిస్తుంది గానీ లోపలి చెమ్మ పైకి వస్తూనే ఉంటుంది. అందుకే పలకల కింద ప్లాస్టిక్ షీటు పరుస్తాం. నేను పరిచాను కూడా. అంతలో వాన మొదలైంది. తెలంగాణ కోసం రిలే దీక్ష చేస్తున్న శిబిరం నుంచి మీరు పరుగెత్తుకొచ్చారు.

"మనుషులు తడుస్తుంటే నేలకు గొడుగేందిరా? గుంజు దాన్ని!" అన్నారు.

"అన్నా, గిది లేకుంటే చెక్క ఉబ్బుతది" అన్నాను.

"తెలంగాణ రానియ్, రెండు షీట్లు ఏద్దాం. వియ్యంకులొస్తున్నరు, రేపటికల్లా పలకలు ఏసెయ్" అన్నారు. వేసేశాను.

నమ్మకపోతే ఇందులో పెట్టిన, మన దీక్షా శిబిరం ఫొటో పడిన పేపరు ముక్క చూడండి. ఫొటోలో మీ తల మీదున్న షీటు అంచున, నేను మార్కరుతో రాసుకున్న "శ్రీపాలన్న హాలు" అన్న అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి.

ఆదివారం కొత్త షీటుతో వస్తాను. ఉబ్బిన పలకలు మార్చి వేస్తాను, కూలి అడగను. పాత షీటును మాత్రం శిబిరం మీది నుంచి తీయించకండి. ఆ రోజు దాని రెండో అంచు పట్టుకొచ్చింది నేనే. ఫొటోలో మీ పక్కన దండ వేసుకుని, పొడిబట్టలతో నవ్వుతున్నదీ నేనే.

మీ కోపం చల్లారాలని కోరుకుంటూ,
మీ ఫ్లోరింగు మేస్త్రీ