కణాల్ని కంగారు పెట్టకు

విమలా,

డెంగీ మీద మనం రాసిన పేపర్ తప్పని ఎవరో పేపర్ రాశారు. నువ్వుంటే ఎగిరి గంతేసేదానివి. సింగపూర్‌లో మన క్లెమెంటి ఫ్లాట్‌లో మిగతావాళ్ళంతా జావా నేర్చుకుని ఉద్యోగాలు మారుతూ, "మీ పేపర్లు ఎవరు చదువుతారే?" అని నవ్వేవాళ్ళు కదా. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పేపర్లలో వచ్చిన సైటేషన్లు మర్యాదకు మన పేరు చెప్పినవే. ఇదే మొదటి పోట్లాట.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన మీనా, మలేషియా జోహోర్ నుంచి వచ్చిన తెలుగమ్మాయి, బెదిరిపోయింది. "అక్కా, మనది రాంగ్ అని రాస్తే కూడా సైటేషనేనా?" అంది.

"తిట్టాలన్నా మన పేరు రాయక తప్పదుగా," అన్నాను.

"అయితే ఓకే లా," అని వాళ్ళ ఊరి యాసలో అని నవ్వింది.

వాళ్ళ పద్ధతి చదవగానే సంగతి తెలిసిపోయింది. కణాలను ప్లేటులో వేసిన వెంటనే వైరస్ కలిపేశారు. నువ్వు వాటిని ఒక రాత్రి కుదురుకోనిచ్చేదానివి. "కొత్తచోటుకొచ్చాయి, కంగారు పెట్టకు," అంటూ నన్ను తినడానికి హాకర్ సెంటర్‌కి లాక్కెళ్ళేదానివి. మీనాతో రెండు రకాలుగానూ చేయించాను. తొందరపడితే వాళ్ళ ఫలితం వచ్చింది. ఆగితే నీది వచ్చింది.

జవాబు ఈరోజే పంపాను. మొదటి పేరు నీదే. రచయిత ఇప్పుడు లేరని తెలిపే చిన్న గుర్తు పక్కన పెట్టమంది పత్రిక. పెట్టాను. సంప్రదించాల్సిన చిరునామా దగ్గర మాత్రం నాది రాశాను. నీతో పోట్లాడాలనుకున్నవాళ్ళు ఇక నా దగ్గరికే రావాలి.